గడప దాకా వచ్చే పండుగ

డిసెంబరు వచ్చిందంటే మా బంధువుల వాట్సాప్ గుంపులో రెండు యుద్ధాలు మొదలవుతాయి. మొదటిది తేదీ గురించి. బైబిల్లో డిసెంబరు 25 అని ఎక్కడా లేదు కాబట్టి క్రిస్మస్ చేసుకోకూడదని మా పెద్ద బావగారు ఏటా ఒక పొడవైన సందేశం పెడతారు. రెండోది పాత రోజుల గురించి. "మా చిన్నప్పుడు ఎంత బాగుండేది, ఇప్పుడంతా ఆడంబరమే" అని ఒకరు మొదలుపెడితే చాలు, తలా ఒక అరిసెల ఫోటో పెట్టి అవునవునంటారు.

మొదటి యుద్ధాన్ని త్వరగా తేల్చేస్తాను. బావగారు చెప్పేది నిజమే, బైబిల్లో తేదీ లేదు. రోములో డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని స్మరించుకున్నట్టు దొరికే తొలి ఆధారం క్రీ.శ. 336 నాటిది. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6న జరుపుకుంటుంది. రష్యాలో అది జనవరి 7. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టంట్లయితే 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకు ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఆ చట్టాన్ని ఎత్తేయలేదు. కాబట్టి బావగారి వాదనకు పెద్ద వంశమే ఉంది. కానీ నేను పుట్టిన తేదీలు తెలియని మనుషుల మధ్య పెరిగాను. మా తాత తాను "గుండ్లకమ్మకు పెద్ద వరద వచ్చిన యేడు" పుట్టానని చెప్పేవాడు. బడిలో చేర్చుకున్నప్పుడు పంతులుగారు జూలై 1 అని రాసేశారు, కాగితాల మీద అదే ఖాయమైంది. తేదీ తప్పయినందుకు తాత పుట్టలేదని ఎవరూ అనలేదు.

నాకు పేచీ అంతా రెండో దానితోనే.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మకు దగ్గర. ఊరని అంటున్నాను గానీ మేముండేది ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో. బాప్టిస్టు సంఘం. డిసెంబరు మొదట్లో గోడలకు సున్నం వేయడంతో పండుగ దిగేది. మగపిల్లలు వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురుతో రంగు కాగితాలు అతికించి ఐదు కొమ్ముల నక్షత్రాలు కట్టేవాళ్లు. కరెంటు ఉన్న ఇంట్లో లోపల బల్బు, లేని ఇంట్లో బుడ్డి దీపం. ఏటా ఒకటో రెండో అంటుకుని కాలిపోయేవి, దానికీ కేకలూ నవ్వులూ. సరుగుడు కర్ర చివర కట్టి ఇంటి మీద నిలబెట్టేవాళ్లు. మిగతా నెలల్లో పల్లె ఎక్కడుందో చీకట్లో తెలిసేది కాదు, డిసెంబరులో మాత్రం ఊళ్లోంచి చూసినా తెలిసేది.

అదే నెలలో ఊళ్లో ధనుర్మాసం. తెల్లవారుజామున రామాలయం మైకులో పాశురాలు, గుడి ముందు ముగ్గులు, అక్షయపాత్ర తలమీద పెట్టుకుని వచ్చే హరిదాసు. మా వైపు నుంచి కీర్తనలు. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మంచు పట్టిన పొగాకు చేల మీదుగా వినేవాడికి ఏ పాట ఏ గుడిదో చప్పున తేలేది కాదు.

ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తే ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. గుంపులో అందరూ ఆపేది ఇక్కడే. నేను కాస్త ముందుకు వెళ్తాను.

అరిసెల సంగతే తీసుకోండి. బియ్యం రాత్రంతా నానబెట్టాలి, నీళ్లు వాడ్చి తడి ఆరకుండానే దంచాలి, జల్లించాలి, బెల్లం పాకం సరిగ్గా పట్టాలి. ముదిరితే అరిసె రాయవుతుంది, లేతయితే నూనెలో విచ్చుకుపోతుంది. అమ్మ, చిన్నమ్మలు పగలంతా కూలికి పోయివచ్చి రాత్రి ఈ పని చేసేవాళ్లు. "పాత రోజులు బాగుండేవి" అని రాసేవాళ్లలో రోకలి పట్టినవాళ్లు చాలా తక్కువని నా అనుమానం. బట్టలదీ అదే కథ. ఒకే తానులోంచి నాకూ అక్కకూ గౌన్లు, మిగిలిన ముక్కతో తమ్ముడికి చొక్కా. గుడిలో ఏ పిల్ల ఏ ఇంటిదో గుడ్డ చూసి చెప్పేయొచ్చు. అది తలుచుకుంటే నవ్వే వస్తుంది. అయితే ఆ తాను కొనడానికి నాన్న పొగాకు రైతు దగ్గర రాబోయే పని దినాల మీద అప్పు తీసుకునేవాడు, ఆ అప్పు వేసవి దాకా తీరేది కాదు. పండుగ నిరాడంబరంగా ఉండేదంటే మాకు మరోదారి లేక. ఆ లేమిని ఇప్పుడు మిఠాయిలా చప్పరించడం నాకు నచ్చదు.

బాలయేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి విషయంలోనూ మనం చేస్తున్నది ఇదే. గ్రీటింగు కార్డు మీద గడ్డి బంగారు రంగులో ఉంటుంది, దానికి వాసన ఉండదు. జీతానికి ఉండి కొట్టం శుభ్రం చేసిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ వాసన తెలుసు. బాలింతను అలాంటి చోట పడుకోబెట్టాల్సి రావడంలో అందమేమీ లేదు. అసిసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో నిజమైన ఎద్దునూ గాడిదనూ గడ్డినీ తెచ్చిపెట్టి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. ఆ వాసన జనం ముక్కులకు తగలాలనే చేశాడని నేను అనుకుంటాను. ఎనిమిది వందల ఏళ్లలో ఆ పశువులు ప్లాస్టిక్ బొమ్మలై అట్టపెట్టెలో అటక ఎక్కాయి.

మరి పాత క్రిస్మస్‌లో వదులుకోకూడనిది ఏదీ లేదా అంటే, ఉంది. అది కేరల్స్, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడటం.

డిసెంబరు రెండో వారం నుంచి రాత్రి భోజనాలయ్యాక బయల్దేరేవాళ్లు. ఒకరి నెత్తిన పెట్రోమాక్స్ లైటు, ఒకరి చేతిలో డప్పు, కంజీర, తాళాలు, ముందు సంఘపెద్ద. ఆడపిల్లలకు అనుమతి లేదు. కాబట్టి నేను కేరల్స్‌తో ఎన్నడూ తిరగలేదు, ఎప్పుడూ లోపలి నుంచి విన్నదాన్నే. అప్పుడు కోపంగా ఉండేది, ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. అయితే బయట పాడేవాళ్లకు తెలియనిది ఒకటి లోపల దుప్పటి కప్పుకున్న మనిషికి తెలుస్తుంది. దూరంగా డప్పు మొదలవుతుంది. ఎవరి ఇంటి ముందో ఆగుతుంది. మళ్లీ కదులుతుంది, సందు తిరుగుతుంది, దగ్గరవుతుంది. మన ఇంటికి వస్తారని ఖాయంగా తెలిసి కూడా, వస్తారా రారా అని ఊపిరి బిగబట్టి వినడం. చివరికి తలుపు సందుల్లోంచి లైటు వెలుతురు గదిలో పడుతుంది. అమ్మ లేచి గొళ్లెం తీస్తుంది.

మా సంఘంలో రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది. ఏ ఇంటినీ దాటిపోకూడదు. పాస్టరుగారితో తగవుపడి గుడి మానేసిన ఇల్లు, పెంతెకోస్తు సంఘంలో చేరిపోయిన ఇల్లు, తాగి రభస చేసే ఇల్లు, చందా వేయలేని ఇల్లు, అన్నీ లెక్కలోవే. ఆ యేడు చావు జరిగిన ఇంటి మీద నక్షత్రం ఉండదు. అక్కడ డప్పు ఆపేసి, వట్టి గొంతులతో ఒక చరణం పాడి, ప్రార్థన చేసి కదిలేవాళ్లు. నాయనమ్మ పోయిన యేడు మా ఇంటి ముందు అలాగే పాడారు. పల్లె చివర, శ్మశానం దారిలో ఒంటరిగా ఉండే ముసలాయన ఇంటికి వెళ్లడానికి కుర్రాళ్లందరికీ బద్ధకమే. సంఘపెద్ద ఒప్పుకునేవాడు కాదు. "అక్కడికి పోకపోతే ఇంతసేపు తిరిగింది ఎందుకురా?" అని గదమాయించేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. క్రిస్మస్ గురించి నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ ఆ కసురే సరైన వేదాంతమని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటారా? మనిషి దేవుడి దగ్గరికి వెళ్లే దారుల గురించి లోకంలో చాలామంది చాలా చెప్పారు. కొండ ఎక్కమన్నారు, ఉపవాసం ఉండమన్నారు, మొక్కు తీర్చమన్నారు. మా పెద్దలూ తక్కువ చెప్పలేదు. క్రిస్మస్ నాడు సంఘం ఒప్పుకునే నమ్మకంలో మాత్రం నడిచింది దేవుడు. "ఆ వాక్యము శరీరధారియై మనమధ్య నివసించెను" అని యోహాను రాసింది అదే. అలా వచ్చినవాడు చేతినిండా కానుకలతో దిగిన దాత కాడు. ఒకరు ఎత్తుకుంటే తప్ప కదలలేని, పాలు పడితే తప్ప బతకలేని పసిగుడ్డు. మా పల్లెలో ఈ మాటకు ఉన్న బరువు బయటివాళ్లకు వెంటనే అందదు. ఊళ్లోవాళ్లు మా పల్లెకు రాకపోలేదు. కూలికి పిలవడానికి వచ్చేవాళ్లు, ఓట్లప్పుడు వచ్చేవాళ్లు. వీధిలోనే నిలబడి కేకవేసేవాళ్లు. గడప దాటి లోపలికి వచ్చి, మా గ్లాసుతో మా ఇంటి నీళ్లు తాగినవాళ్లు లేరు. ఇంటికి వచ్చి, మనం పెట్టింది తిని, మన చేతుల్లో పెరిగిన దేవుడి కథ అలాంటి చోట చెబితే అది ఎవరికి సుద్దులా వినిపిస్తుంది?

మా ముత్తాతల తరం క్రీస్తును నమ్మింది ఇందుకేనని నేను అనుకుంటాను. కూటి కోసం మారారనే మాట ఇప్పటికీ విసురుతుంటారు కాబట్టి ఈ చరిత్ర కాస్త చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మావాళ్ల మాటల్లో క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. ఆయన దగ్గరికి మొదట కదిలినవాళ్లలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ. పేరయ్య మనుషులు రావడం చూసి పెద్ద కులాలవాళ్లు కొందరు దొరకు అడ్డు చెప్పారు, వాళ్లను చేర్చుకుంటే మేము రామన్నారు. దొర ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరి కళ్లా ఒకే భాగం మీద పడిందట. లోకంలో తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథు సంఘానికి రాసిన భాగం అది. దొర తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతి ఇది. తర్వాత 1876-78 కరవు. దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ కరవు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చినవాళ్లెవరో నమ్మి వచ్చినవాళ్లెవరో తేలాలని. సాయం ముగిశాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజల కోసమే అయితే అప్పటికి గింజల పంపకం ఆగిపోయింది. (మిషన్ బంగళాకు ఎత్తయిన ప్రహరీ ఉండేదని, దొరసాని వరండా మెట్ల దగ్గరే మాట్లాడించి పంపేదని నాయనమ్మ చెప్పేది. అదీ చరిత్రే, దాచనక్కర్లేదు.)

సండే స్కూలు నాటిక గురించి కూడా ఒక మాట. మా పల్లెలో అందరికీ ఇష్టమైన వేషం సత్రం యజమాని. కాటుకతో మీసం, చంకలో తాళాల గుత్తి, "గది లేదు పొండి" అని ఒక అరుపు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. తర్వాతెప్పుడో లూకా సువార్త నెమ్మదిగా చదువుతుంటే గమనించాను, ఆ మనిషి అందులో లేనే లేడు. "సత్రములో వారికి స్థలము లేనందున" అని ఉంది, అంతే. వెళ్లగొట్టిన దుర్మార్గుడెవరూ కనిపించడు. ముందొచ్చినవాళ్లు సర్దుకుని కూర్చున్నారు, తర్వాత వచ్చినవాళ్లకు చోటు మిగల్లేదు. మనకు దుర్మార్గుడు కావాలి కాబట్టి మీసం పెట్టి ఒకణ్ని తయారుచేసుకున్నాం. నిజానికి లోకంలో చాలా తలుపులు ఎవరూ అరవకుండానే మూసుకుపోతాయి. మా తాతను టీ కొట్టువాడు ఎన్నడూ తిట్టలేదు. విడి గ్లాసు ఒకటి చూరులో పెట్టి ఉంచాడు, అంతే.

ఇక మరియ వేషం వేసిన పిల్ల తలమీద కొంగు కప్పుకుని మౌనంగా కూర్చోవాలి. నేను వేశాను ఆ వేషం, నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. లూకా సువార్తలోని మరియ అలా కూర్చోలేదు. సింహాసనాల మీదనుంచి బలవంతులను పడదోసి దీనులను ఎక్కించాడనీ, ఆకలిగొన్నవాళ్లకు మంచి పదార్థాలు పెట్టి ధనవంతులను వట్టి చేతులతో పంపేశాడనీ గొంతెత్తి పాడింది. ఆ పాట మా నాటికలోకి ఎందుకు రాలేదో పెద్దయ్యాక అర్థమైంది. క్రిస్మస్‌కు పంపే గ్రీటింగుల మీద కూడా అది కనబడదు.

హేరోదు రాజు కూడా నాటికల్లో కుదించుకుపోయాడు. జ్ఞానులతో నాలుగు మాటలు మాట్లాడి తెర వెనక్కి పోతాడు. బేత్లెహేములో పసివాళ్లను చంపించిన సంగతి పండుగపూట ఎందుకని వదిలేస్తారు. 1985 జూలై 17న మా జిల్లాలోనే కారంచేడులో దళితవాడ మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు ఇళ్లు వదిలి చీరాల చేరారు. నేను అప్పుడు చిన్నపిల్లను. ఆ డిసెంబరులో మా సంఘం నాటికలో హేరోదు భాగం మొత్తం ఉంది. తల్లులు ఏడ్చే ఘట్టం వచ్చినప్పుడు చూస్తున్నవాళ్లూ ఏడ్చారు. శిశువైన యేసును తీసుకుని తల్లిదండ్రులు ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పారిపోవడం వింత కథలా ఎవరికీ అనిపించలేదు. క్రిస్మస్ ఆనందాన్ని అది చెడగొట్టిందా అని నన్ను అడిగితే, లేదనే అంటాను. వచ్చినవాడు ఎలాంటి చోటికి వచ్చాడో ఆ ఒక్క యేడు మాకు పూర్తిగా చూపించారు.

యోసేపు, మరియ బేత్లెహేము వెళ్లింది కూడా చక్రవర్తి పుస్తకంలో పేర్లు రాయించుకోవడానికే కదా. పేరు ఏ పుస్తకంలో ఎలా ఎక్కుతుందనేది మా ఇళ్లలో ఎప్పుడూ ఉన్న గుబులే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవుడయ్యానని రాసుకున్న దళితుడు మన రాష్ట్రాల్లో ఎస్సీ కాకుండా వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అవుతాడు. విడి గ్లాసు మాత్రం రిజిస్టరు చూసి మారదు. అందుకే నక్షత్రం కట్టాలా వద్దా అని తర్జనభర్జన పడే ఇళ్లు ఉన్నాయి, పిల్లవాడి సర్టిఫికెట్‌కు ఇబ్బందేమో అని. అలాంటివాళ్లను వేదిక మీదనుంచి పిరికివాళ్లని తిట్టే బోధకులను విన్నాను. నక్షత్రం లేని ఇంటి ముందు కూడా ఆగి పాడిన మా సంఘపెద్దకు ఆ బోధకుల కంటే ఎక్కువ తెలుసు.

వేదిక అన్నాను కాబట్టి ఇప్పటి సంగతి. సెమీ క్రిస్మస్, యవ్వనస్తుల క్రిస్మస్, స్త్రీల క్రిస్మస్, ఐక్య క్రిస్మస్. మైదానం, ఫ్లెక్సీలు, శాలువాలు, నాయకుడు రావడం ఆలస్యమైతే ఆగిపోయే ఆరాధన, ఆయన వచ్చాక బాలయేసు పేరు రాసిన కేకును కత్తితో నిలువునా కోయడం. ఖర్చు మీద నాకు అంత అభ్యంతరం లేదు. తరతరాలుగా ఏమీ లేనివాళ్లు ఒక రాత్రి వెలుగు కోరుకుంటే తప్పుపట్టే మనిషిని కాను. నా అభ్యంతరం నడక తిరగబడినందుకు. వేదిక ఉన్నచోటే ఉంటుంది, జనాన్ని రమ్మంటుంది. రాగలిగినవాళ్లు వస్తారు. మంచం పట్టినవాళ్లు, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు, మంచి చీర లేక గుడికి రావడం మానుకున్నవాళ్లు రారు. వాళ్లు రాలేదని వేదిక మీద ఉన్నవాళ్లకు తెలిసే వీలు కూడా లేదు.

హైదరాబాదులో మేము వెళ్లే సంఘంలో కేరల్స్ ఇంకా ఉన్నాయి. అయితే కావలసినవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, లొకేషన్ పంపాలి, కారు ఆపుకునే చోటు చూపించాలి. పది దాటితే అపార్టుమెంటు సంఘంవాళ్లు ఒప్పుకోరు. ఆ ఇబ్బందులన్నీ నిజమైనవే, ఎవరి నిద్రా చెడగొట్టమని నేను అనను. కానీ జాబితా చూస్తే ఏటా అవే ఇళ్లు. అవే జీడిపప్పు పళ్లేలు. గుడి ఊడ్చే అక్క ఇల్లు అందులో లేదు. ఆమె పేరు ఇవ్వలేదట. ఎందుకివ్వలేదని ఎవరైనా అడిగారా అంటే, అడగలేదట.

కిందటి నెల కమిటీకి నేనొక జాబితా ఇచ్చాను. గుడి ఊడ్చే అక్క ఇల్లు, భర్త పోయిన దగ్గరనుంచి ఆరాధనకు రావడం మానేసిన టీచరుగారి ఇల్లు, వృద్ధాశ్రమం, గుడి వెనక కడుతున్న బహుళ అంతస్తుల భవనం దగ్గర కూలీల రేకుల షెడ్లు. షెడ్ల దగ్గర వాదన వచ్చింది. వాళ్లలో క్రైస్తవులు ఒక్కరూ లేరు కదా అని కోశాధికారిగారు అన్నారు. ఆ రాత్రి పొలంలో గొర్రెలు కాసుకుంటున్నవాళ్లు మాత్రం ఏ సంఘ సభ్యులండీ అని అడిగాను. ఆయన నవ్వలేదు. చివరకు రెండు రాత్రులు ఇచ్చారు, ఎనిమిదిన్నరకల్లా ముగించాలనీ మైకు వాడకూడదనీ షరతు పెట్టారు. మైకు ఎవరికి కావాలి? డప్పు వాయించడం వచ్చినవాళ్లే కుర్రాళ్లలో దొరకడం లేదు, మా తమ్ముణ్ని ఊరినుంచి రమ్మన్నాను. ఈసారి ఆడపిల్లలు కూడా వస్తున్నారు.